‘ఇక నా వల్ల కాదు’: ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఏ ముడి విప్పుతుంది, ఏది విప్పలేదు

‘ఇక నా వల్ల కాదు’ అని ఒక తల్లో తండ్రో అన్నప్పుడు, ఆ మాట వెనక కనీసం నాలుగు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. పిల్లల పనితో ఒళ్లూ మనసూ పూర్తిగా అరిగిపోయి ఉండొచ్చు. డిప్రెషనో, ఆందోళనో లోపల మొదలై, దాని నీడ పెంపకం మీద పడుతూ ఉండొచ్చు. పిల్లాడి ప్రవర్తనలోనో, నిద్రలోనో, ఎదుగుదలలోనో నిజంగానే చిక్కు ఉండి అది ఇంటిల్లిపాదినీ పీల్చేస్తూ ఉండొచ్చు. లేదంటే మనుషులంతా బాగానే ఉన్నా, ఇద్దరు మోయాల్సిన పని ఒక్కరి నెత్తిన పడి ఉండొచ్చు.

బయటికి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. అరుపులు, ఏడుపు, నిద్ర పట్టకపోవడం, అరిచిన తర్వాత ‘నేను మంచి అమ్మను కాను’, ‘మంచి నాన్నను కాను’ అనే కుమిలిపాటు. చికిత్స మాత్రం దేనిది దానికే. డిప్రెషన్‌లో ఉన్న తల్లికి పిల్లల క్రమశిక్షణ కోర్సు ఇస్తే, అది చేయలేకపోవడం ఆమెకు ఇంకో నేరంలా తోస్తుంది. పిల్లాడి మొండితనంతో సతమతమవుతున్న తండ్రికి ధ్యానం యాప్ ఇస్తే పది నిమిషాలు ప్రశాంతంగా కూర్చుని లేస్తాడు, పదకొండో నిమిషంలో అదే రభస. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ దారి తప్పేది ఎక్కువగా ఇక్కడే. అందుకే ఏ యాప్, ఏ కౌన్సెలర్ అని వెతికే ముందు, ఈ నాలుగింటిలో మన ముడి ఏదో చూసుకోవాలి.

అలసటకీ బర్న్‌అవుట్‌కీ మధ్య గీత

పిల్లలున్న ఇంట్లో అలసట మామూలే. రెండు రాత్రులు కంటినిండా నిద్రపోతే తీరే అలసటకు కౌన్సెలింగ్ అక్కర్లేదు, నిద్ర కావాలి. తీరని అలసట వేరు. బెల్జియంలోని లూవాన్ కాథలిక్ యూనివర్సిటీ పరిశోధకులు ఇసాబెల్ రోస్కామ్, మొయిరా మికొలాజ్‌చాక్ దీన్ని ‘పేరెంటల్ బర్న్‌అవుట్’ పేరుతో చాలాకాలంగా అధ్యయనం చేస్తున్నారు. 2018లో వాళ్ల బృందం 23 ప్రశ్నల కొలమానం తయారుచేసింది. అది నాలుగు విషయాలను అడుగుతుంది. తల్లిగా, తండ్రిగా ఉండటమే అలసటగా మారిందా? ఒకప్పుడు తల్లిగానో తండ్రిగానో ఉన్న మీతో పోల్చుకుంటే ఇప్పటి మీరు మీకే పరాయిగా అనిపిస్తున్నారా? ఈ పాత్ర మీదే విరక్తి కలిగిందా? అన్నం పెట్టడం, స్నానం చేయించడం లాంటి పనులన్నీ జరుగుతున్నా, వాటిలో ప్రేమ లేకుండా పోయిందా?

నాలుగోది తీవ్రంగా పట్టించుకోవాల్సింది. అరిచే తల్లిదండ్రులు అందరి కంటా పడతారు. యంత్రంలా పనులన్నీ చక్కబెడుతూ లోపల పిల్లలకు దూరమైపోయినవాళ్లను ఎవరూ గుర్తించరు, చాలాసార్లు వాళ్లే గుర్తించరు. ఈ బర్న్‌అవుట్ ముదిరినచోట పిల్లలను నిర్లక్ష్యం చేయడం, మాటతోనో చేత్తోనో గాయపరచడం కూడా పెరుగుతున్నాయని అదే పరిశోధకుల పని చూపించింది. కాబట్టి తల్లిదండ్రుల అలసటకు సాయం వెతకడం పిల్లల భద్రత కోసం చేసే పని కూడా.

ఇది ఎందుకు వస్తుందన్నదానికి వాళ్లు చెప్పే లెక్క త్రాసు లాంటిది. ఒక పళ్లెంలో ఒత్తిడి పెంచేవి: అన్నీ లోపం లేకుండా చేయాలనే పట్టుదల, సాయం లేకపోవడం, ప్రత్యేక అవసరాలున్న బిడ్డ, ఇద్దరి మధ్య పెంపకంపై పొసగకపోవడం. రెండో పళ్లెంలో ఆసరాగా నిలిచేవి: పంచుకునే మనిషి, కాస్త తీరిక, ‘ఇంత చాలు’ అనుకోగలగడం. మొదటి పళ్లెం నెలల తరబడి కిందికి వాలి ఉంటే మనిషి అరిగిపోతాడు. 42 దేశాల్లో 17 వేలకు పైగా తల్లిదండ్రులతో చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఎవరి బతుకు వాళ్లదే అనే ధోరణి బలంగా ఉన్న సమాజాల్లో ఈ బర్న్‌అవుట్ ఎక్కువగా కనిపించింది. ఒంటరిగా మోయడమే బరువును పెంచుతుందని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో బర్న్‌అవుట్ అనే మాట ఉద్యోగానికి సంబంధించినదే. పేరెంటల్ బర్న్‌అవుట్ అధికారికమైన రోగ నిర్ధారణ కాదు. అందువల్ల ఆ పేరు పెట్టుకుని ఆగిపోతే, దాని వెనక దాక్కున్న డిప్రెషన్ తప్పిపోయే ప్రమాదం ఉంది.

రెండింటినీ వేరు చేయడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. పిల్లలను నమ్మకమైన వాళ్ల దగ్గర ఒకట్రెండు రోజులు వదిలి దూరంగా ఉన్నప్పుడు మనసు తేలికపడి, పనిమీదా స్నేహితులమీదా మళ్లీ ఆసక్తి వస్తే, ఇబ్బంది ఎక్కువగా పెంపకపు పాత్రకు అంటుకుని ఉన్నట్టు. ఎక్కడికెళ్లినా అదే చీకటి వెంట వస్తుంటే, ఒకప్పుడు ఇష్టమైనవేవీ రుచించకపోతే, డిప్రెషన్ కోసం చూడాలి. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు. ఇంకాస్త స్పష్టత కోసం పీహెచ్‌క్యూ-9 అనే 9 ప్రశ్నల డిప్రెషన్ పత్రం ఉంది, అది గత రెండు వారాల గురించి అడుగుతుంది. మొత్తం 27 మార్కులు, 10 గానీ అంతకు మించి గానీ వస్తే నిపుణులను కలవాలి. కొత్తగా బిడ్డను కన్నవాళ్లకు 1987లో వచ్చిన ఎడిన్‌బరో పత్రం ఎక్కువ నప్పుతుంది. దాని 10 ప్రశ్నలు గత వారం రోజుల గురించి అడుగుతాయి. మామూలు డిప్రెషన్ పత్రాలు నిద్ర, ఆకలి, నీరసం గురించి అడుగుతాయి, పసిబిడ్డ ఉన్న ఇంట్లో అవి ఎలాగూ చెదిరే ఉంటాయి. ఎడిన్‌బరో పత్రం మనసు మీదే నిలబడుతుంది. దాని పదో ప్రశ్న, పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్న తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించి. వాటికి ‘ఎప్పుడూ లేదు’ తప్ప ఏ జవాబు వచ్చినా, మొత్తం మార్కులు ఎన్ని అన్నది పక్కనపెట్టి, ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడాలి.

నోటికి రాని భయం

చాలామంది కౌన్సెలింగ్‌కు వచ్చాక కూడా ఒక విషయం దాస్తారు. ‘బిడ్డను ఏదైనా చేసేస్తానేమో.’ చెబితే పిల్లల్ని తీసుకెళ్లిపోతారని భయం. కానీ ఈ ఒక్క వాక్యం కింద మూడు వేర్వేరు పరిస్థితులున్నాయి, అవి తెలిస్తే నోరు విప్పడం సులువవుతుంది.

మొదటిది, పిలవని ఆలోచన. మెట్లు దిగుతుంటే బిడ్డ చేతిలోంచి జారిపోయినట్టు, కత్తి చూడగానే గుండె ఝల్లుమనేలా ఏదో దృశ్యం. కొత్తగా తల్లిదండ్రులైన వాళ్లలో ఇవి చాలా మామూలు. ఆ ఆలోచన వచ్చినందుకే వాళ్లు వణికిపోతారు, కత్తులు దాచేస్తారు, బిడ్డతో ఒంటరిగా ఉండటానికే జంకుతారు. ఆ వణుకే, ఇది వాళ్ల కోరిక కాదని చెబుతుంది. ఇలాంటి ఆలోచనలు మనిషిని వదలకపోతే దానికి మంచి చికిత్స ఉంది, వీడియోలోనూ చేయొచ్చు.

రెండోది, ఆ క్షణపు కోపం. పసిబిడ్డ ఏడుపు పుట్టిన రెండో వారం నుంచి పెరుగుతూ, ఆరో వారం ప్రాంతంలో తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఏం చేసినా ఆగని ఏడుపు ఆ వారాల్లో వస్తుంది, అది పెంపకం లోపం కాదు. చేతులు బిగుసుకుంటున్నాయని అనిపించగానే బిడ్డను ఉయ్యాలలోనో తొట్టిలోనో వెల్లకిలా పడుకోబెట్టి, గది బయటికొచ్చి, 5 నుంచి 10 నిమిషాలు ఆగి, ఎవరికైనా ఫోన్ చేసి మళ్లీ వెళ్లాలి. ఏడ్చినంత మాత్రాన బిడ్డకు ఏమీ కాదు. కుదిపితే మెదడులో రక్తస్రావమై ప్రాణం పోవచ్చు. తర్వాతి సెషన్ దాకా ఆగకుండా ఇంట్లో వాళ్లందరికీ ఈ పద్ధతి ముందే చెప్పి ఉంచాలి.

మూడోది అరుదు, కానీ అత్యవసరం. ప్రసవం తర్వాత, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, వెయ్యి మందిలో ఒకరిద్దరికి సైకోసిస్, అంటే వాస్తవంతో పట్టు తప్పే తీవ్రమైన మానసిక జబ్బు, వస్తుంది. రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలుపు లేకపోవడం, ఎవరికీ వినపడని గొంతులు వినపడటం, బిడ్డను ఎవరో మార్చేశారనో బిడ్డలో ఏదో శక్తి ఉందనో గట్టిగా నమ్మడం, మాట పొంతన తప్పడం. ఇక్కడ తనకు జబ్బు చేసిందని ఆ తల్లికి తెలియదు, చుట్టూ ఉన్నవాళ్లే గుర్తుపట్టాలి. దీనికి ఆన్‌లైన్ కౌన్సెలింగ్ పనికిరాదు. ఆమెనూ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. సకాలంలో చికిత్స అందితే కోలుకుంటారు.

ఇక రహస్యం సంగతి. కౌన్సెలర్ విన్నవన్నీ గోప్యమే గానీ, దానికి హద్దులున్నాయి. ప్రాణహాని గానీ, పిల్లలపై తీవ్రమైన హింస గానీ ఉందని తేలితే చాలా దేశాల్లో కౌన్సెలర్ అధికారులకు చెప్పి తీరాలి. ఆ గీత ఎక్కడుందో మొదటి సెషన్‌లోనే అడగండి. మంచి కౌన్సెలర్ తడబడకుండా చెబుతారు.

ఇంట్లో కొట్టే మనిషి ఉన్నప్పుడు మాత్రం వీడియో కౌన్సెలింగ్ ప్రమాదం కావచ్చు. గోడ అవతల ఎవరు వింటున్నారో, ఫోన్‌ను ఎవరు చూస్తున్నారో కౌన్సెలర్‌కు తెలియదు. అక్కడ మరొకరి ఫోన్ నుంచి, మరొక చోటు నుంచి సాయం అడగడం మేలు. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే సెషన్ అసలే వద్దు.

వీడియో, ఫోన్, చాట్, కోర్సు

ఆన్‌లైన్ కౌన్సెలింగ్ అని ఒకే మాటతో పిలిచేవి నిజానికి చాలా రకాలు.

వీడియోలో ఎదురెదురుగా మాట్లాడే సెషన్ సాధారణంగా 45, 50 నిమిషాలుంటుంది. డిప్రెషన్, ఆందోళన లాంటి వాటికి వీడియోలో చేసే చికిత్స గదిలో ముఖాముఖి చేసే చికిత్సకు దాదాపు సాటిగా నిలుస్తోంది. పిల్లల ప్రవర్తన విషయంలో వీడియోకు ఒక అదనపు బలం కూడా ఉంది. గొడవ జరిగేది ఇంట్లో, అదే గది, అవే బొమ్మలు, అదే బడి సంచి. క్లినిక్‌లో బుద్ధిగా కూర్చునే పిల్లాడు ఇంట్లో ఎలా ఉంటాడో కౌన్సెలర్ కళ్లారా చూడగలరు.

ఫోన్‌లో మాట మాత్రమే ఉంటుంది. ఏడుస్తూ ముఖం చూపించలేని వాళ్లకు అది ఊరట, నెట్ సరిగా లేనిచోట అదే దిక్కు. సందేశాల ద్వారా జరిగే కౌన్సెలింగ్ అర్ధరాత్రి బిడ్డకు పాలిస్తూ కూడా రాసుకోవడానికి వీలిస్తుంది. రాయడంలోనే కొంత భారం దిగుతుంది. అయితే జవాబు గంటల తర్వాత వస్తుంది, గొంతులోని వణుకు అక్షరాల్లో కనబడదు. తీవ్రమైన డిప్రెషన్‌కు చాట్ ఒక్కటే చాలదు.

వీడియో పాఠాలతో మనంతట మనమే చేసే కోర్సులు ఇంకో రకం. ఆస్ట్రేలియాలో మాథ్యూ శాండర్స్ రూపొందించిన, పెంపకం మెళకువలు నేర్పే ట్రిపుల్ పీ కార్యక్రమానికి 8 భాగాల ఆన్‌లైన్ రూపం ఉంది, దానిమీద చేసిన పరీక్షల్లో పిల్లల ప్రవర్తనా, తల్లిదండ్రుల తీరూ మెరుగుపడ్డాయి. ఇలాంటి కోర్సుల్లో బలహీనత ఒకటే, మధ్యలో ఆగిపోవడం. అలసిపోయిన మనిషికి ‘తీరిక దొరికినప్పుడు చేయండి’ అంటే చేయొద్దన్నట్టే. వారానికొకసారి ఒక మనిషి ఫోన్ చేసి ‘ఎంతవరకు వచ్చింది?’ అని అడిగే ఏర్పాటున్న కోర్సులు, ఒంటరిగా వదిలేసే కోర్సుల కంటే మెరుగ్గా పనిచేస్తాయి. కోర్సు ఎంచుకునేటప్పుడు పాఠాల సంఖ్య కంటే ఆ పలకరింపు ఉందో లేదో చూడండి.

బర్న్‌అవుట్‌కు మాత్రం బృంద సెషన్‌ను ముందు వరసలో పెట్టాలి. రోస్కామ్, మికొలాజ్‌చాక్ బృందం 2020లో 8 వారాల బృంద చికిత్సను రెండు రకాలుగా పరీక్షించింది. ఒకదానిలో ఒత్తిళ్లనూ ఆసరాలనూ ఒక పద్ధతి ప్రకారం సరిచేసుకోవడం నేర్పారు, రెండోదానిలో తీర్పులు లేకుండా వినడమే ప్రధానం. రెండింటిలోనూ బర్న్‌అవుట్ తగ్గింది. ‘నాకొక్కదానికే ఇలా’ అనే సిగ్గు, అదే మాట పక్కవాళ్ల నోట విన్నప్పుడు కరిగినంత తేలిగ్గా, ఎంత మంచి కౌన్సెలర్ ఓదార్చినా కరగదు.

ఏఐ చాట్‌బాట్ల సంగతి క్లుప్తంగా. మనసులోది పేర్చుకోవడానికి, డాక్టర్‌ను ఏం అడగాలో రాసుకోవడానికి పనికొస్తాయి. ప్రమాదాన్ని పసిగట్టడం, బిడ్డ ఎదుగుదలను అంచనా వేయడం, మందుల గురించి నిర్ణయించడం వాటికి అప్పగించకూడదు. మీరు చెప్పినదానికల్లా తలూపే గుణం వాటిలో ఉంటుంది, కౌన్సెలింగ్‌లో కొన్నిసార్లు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

మనిషిని ఎంచుకోవడం

ముందు అర్హత. కౌన్సెలర్, సైకాలజిస్ట్, సైకియాట్రిస్ట్ ఒకటి కాదు. మందులు రాయాల్సి వస్తే సైకియాట్రిస్ట్ డాక్టరే కావాలి. ‘పేరెంటింగ్ కోచ్’ అనే బిరుదుకు చాలాచోట్ల ఏ లైసెన్సూ అక్కర్లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. లైసెన్స్ ఉన్నచోట, ఆ నంబర్ అడిగి సంబంధిత మండలి జాబితాలో సరిచూసుకోవచ్చు. చాలా దేశాల్లో కౌన్సెలర్ ఎక్కడున్నారన్నది కాకుండా మీరు ఎక్కడ కూర్చుని మాట్లాడుతున్నారన్నది చట్టం చూస్తుంది. వేరే దేశానికి ప్రయాణమైతే ముందే చెప్పాలి.

తర్వాత అడగాల్సినవి సూటిగా ఉండాలి. నా బిడ్డ వయసు పిల్లల తల్లిదండ్రులతో ఎంతకాలంగా పనిచేస్తున్నారు? ఏ పద్ధతి వాడతారు, అందులో నేను ఇంట్లో ఏం చేయాలి? ఎన్ని సెషన్ల తర్వాత మార్పు ఉందో లేదో చూస్తాం? సెషన్ల మధ్య ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి? రెండో ప్రశ్నకు ‘మనం మాట్లాడుకుంటాం, చూద్దాం’ అనే జవాబు మాత్రమే వస్తే ఇంకొకరిని వెతకండి. ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త 1979లో చికిత్సా బంధాన్ని, అంటే కౌన్సెలర్‌కూ వచ్చినవాళ్లకూ మధ్య ఏర్పడే బంధాన్ని, మూడు ముక్కలు చేసి చెప్పాడు: ఎక్కడికి వెళ్లాలో ఇద్దరికీ ఒకే మాట ఉండటం, అక్కడికి ఏం చేస్తూ వెళ్లాలో ఒప్పుకోవడం, ఒకరి మీద ఒకరికి నమ్మకం. ‘చాలా మంచావిడ’ అనిపించినా మొదటి రెండూ లేకపోతే బండి కదలదు.

గోప్యత విషయంలో కంపెనీ మాటను యథాతథంగా నమ్మకండి. 2023లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, బెటర్‌హెల్ప్ అనే పెద్ద ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ వాడకందారుల ఆరోగ్య సమాచారాన్ని ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి సంస్థలకు ప్రకటనల కోసం ఇచ్చిందని ఆరోపించింది. ఆ సంస్థ తప్పు ఒప్పుకోకుండానే 78 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. అక్కడ చర్చకు వచ్చినవాటిలో ఈమెయిల్ చిరునామాలు, చేరేటప్పుడు అడిగే ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు ఉన్నాయి. సెషన్‌లోకి వెళ్లకముందే సమాచారం జారిపోవచ్చన్నమాట. చేరేటప్పుడు ఈ పనికోసమే ఒక వేరే ఈమెయిల్ వాడటం, సోషల్ మీడియా ఖాతాతో లాగిన్ కాకపోవడం, బిడ్డ పూర్తి పేరు, బడి పేరు ఫారంలో రాయకపోవడం అందరికీ చేతనయ్యే జాగ్రత్తలు. సెషన్ రికార్డ్ అవుతుందా, ఎక్కడ దాస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది కూడా అడగండి.

మొదటి సెషన్‌కు ముందు వారం

వారం రోజులు ఒక కాగితం రాయండి. గొడవ జరిగిన ప్రతిసారీ నాలుగు మాటలు చాలు: సమయం, దానికి ముందు ఏం జరిగింది, పిల్లలు ఏం చేశారు, మీరు ఏం చేశారు. ‘ఉదయం 7.40, టీవీ కట్టేశా, కింద పడి దొర్లాడు, మళ్లీ పెట్టా.’ అంతే. అరిచిన ప్రతిసారీ ఒక గీత గీయండి, రాత్రి ఎన్ని గంటలు తెగకుండా నిద్రపోయారో ఒక అంకె వేయండి. రోజంతా నరకం అనిపించిన ఇంట్లో గొడవలు నిజానికి రెండు మూడు వేళలకే కుదురుకున్నట్టు చాలాసార్లు ఈ కాగితంలో తేలుతుంది: బడికి బయల్దేరేటప్పుడు, తెర ఆపేటప్పుడు, పడుకునేటప్పుడు. మొదటి సెషన్‌లో అరగంట పట్టే వివరాలు ఐదు నిమిషాల్లో తేలిపోతాయి.

చోటు గురించి ముందే ఆలోచించాలి. పిల్లలు పక్కనే ఆడుకుంటుంటే వాళ్ల గురించి మాట్లాడకూడదు. ఆటలో మునిగినట్టు కనిపించే మూడేళ్ల పిల్లలకు కూడా తమ పేరు, అమ్మ గొంతులో ఏడుపు తెలుస్తాయి. చంకలో నిద్రపోయే పసిబిడ్డ అయితే ఫరవాలేదు. తలుపు మూసుకునే గది లేకపోతే ఆగి ఉన్న కారు, మేడమీద చోటు, లేదా వేరే ఎవరైనా పిల్లలను ఆడించే గంట. చెవుల్లో ఇయర్‌ఫోన్లు తప్పనిసరి, వాటితో కనీసం అవతలి గొంతు బయటికి వినపడదు. తలుపు బయట ఫ్యానో రేడియోనో పెడితే మీ గొంతు కూడా కలిసిపోతుంది. ఎవరైనా లోపలికొస్తే మాట మార్చడానికి కౌన్సెలర్‌తో ఒక గుర్తు మాట అనుకోండి.

సెకనుకు ఒక మెగాబిట్ వేగం ఉంటే ఒకరితో వీడియో నడుస్తుంది. ఆగి ఆగి వస్తుంటే కెమెరా ఆపి మాట మాత్రం ఉంచండి. ఏడుపు మధ్యలో తెగిపోయే కాల్ చేసే చెరుపు, ముఖం కనబడకపోవడం కంటే ఎక్కువ. కాల్ తెగితే ఎవరు ఎవరికి, ఏ నంబర్‌కు చేయాలో ముందే అనుకోవాలి. ప్రతి సెషన్ మొదట్లో ‘ఇప్పుడు ఎక్కడున్నారు?’ అని కౌన్సెలర్ అడిగితే ఆరా తీస్తున్నారని అనుకోకండి. ఏదైనా జరిగితే సాయం ఎక్కడికి పంపాలో వాళ్లకు తెలియాలి. సెషన్ అయ్యాక 10 నిమిషాలు ఖాళీ ఉంచుకోండి. కళ్లు తుడుచుకుంటూ నేరుగా పిల్లల మధ్యకు వెళ్లడం ఎవరికీ మంచిది కాదు.

పిల్లల ప్రవర్తన మీద పని ఎలా జరుగుతుంది

మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో కుటుంబాలను ఇళ్లలోనే గమనించి ఒక వలయాన్ని కనిపెట్టాడు. తల్లి ఒక పని చెబుతుంది. బిడ్డ పేచీ పెడతాడు. తల్లి గొంతు పెంచుతుంది, వాడు ఇంకా పెంచుతాడు. చివరికి ఆమె విసిగి ‘సరే పో’ అంటుంది. ఆ క్షణంలో ఇద్దరికీ బహుమతి దొరికింది: వాడికి పని తప్పింది, ఆమెకు అరుపు ఆగింది. అందుకే రేపు వాడు మరింత త్వరగా పేచీ మొదలుపెడతాడు, ఆమె మరింత త్వరగా వదిలేస్తుంది. ఒక్కోసారి ఆమె పెద్దగా అరిస్తే వాడు వింటాడు, దాంతో అరుపు పనిచేస్తుందని ఆమెకూ అలవాటవుతుంది. ఇందులో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఉన్నది ఒక వలయం, దాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి.

రెండు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం మనస్తత్వవేత్త షీలా ఐబర్గ్ రూపొందించిన పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ దీన్ని రెండు దశల్లో తెంచుతుంది. తల్లిదండ్రులు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని బిడ్డతో ఆడుతుంటే, కౌన్సెలర్ చూస్తూ ఏ మాట అనాలో అప్పటికప్పుడు చెవిలో చెబుతారు. వీడియో ద్వారా ఇలా చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో ఫలితాలు క్లినిక్‌కు తీసిపోలేదు. ఇక్కడ కెమెరా నేలమీద ఆడే చోటు అంతా కనిపించేలా, పిల్లల చేతికి అందని ఎత్తులో ఉండాలి.

మొదటి దశ హోంవర్క్ రోజుకు 5 నిమిషాల ఆట. ఆ 5 నిమిషాలూ ఆట బిడ్డది. వాడు చేసే మంచి పనిని పేరుపెట్టి మెచ్చుకోవాలి, ‘గుడ్’ అని వదిలేయకుండా ‘బొమ్మలు మెల్లగా పెట్టావు, బాగుంది’ అనాలి. వాడన్న మాటను తిరిగి అనాలి, వాడు చేసింది తామూ చేయాలి, జరుగుతున్నది చెప్పాలి, మనస్ఫూర్తిగా కలిసి ఆనందించాలి. ప్రశ్నలు వేయకూడదు, ఆజ్ఞలు ఇవ్వకూడదు, తప్పు పట్టకూడదు. ‘ఇది ఏ రంగు?’ కూడా వద్దు. రాసినంత తేలిక కాదు, మొదటి రోజు చాలామంది ఒక నిమిషంలోనే నాలుగు ప్రశ్నలు వేస్తారు. ఆ రోజు బిడ్డ అల్లరి చేశాడని శిక్షగా ఆటను ఆపకూడదు, ఎక్కువ అవసరమైన రోజు అదే.

రెండో దశలో చెప్పే మాటను మారుస్తారు. ఒకసారికి ఒకటే పని, ప్రశ్నలా కాకుండా, దగ్గరికెళ్లి, మామూలు గొంతుతో. ‘చెప్పులు వేసుకుంటావా?’ అంటే ‘వేసుకోను’ అనే అవకాశం మనమే ఇచ్చినట్టు. ‘చెప్పులు వేసుకో’ అని ఆగి, అయిదు లెక్కపెట్టేంతసేపు మౌనంగా ఉండాలి. ఆ మౌనంలో రెండోసారి చెప్పేయడమే ఎక్కువగా జరిగే తప్పు.

చాలా ఇళ్లు వెనక్కి తగ్గేది రెండో మూడో వారంలో. పేచీకి లొంగడం ఆపగానే పేచీ ముందు పెరుగుతుంది. ఇన్నాళ్లు పనిచేసిన ఉపాయం పనిచేయనప్పుడు బిడ్డ దాన్ని ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తాడు. ఈ పెరుగుదలను చూసి ‘ఈ కౌన్సెలింగ్ వల్ల ఇంకా పాడయ్యాడు’ అని మధ్యలో లొంగితే, ఎంత అరవాలో వాడికి కొత్త లెక్క తెలుస్తుంది, తర్వాత మాన్పించడం మరీ కష్టం. అందుకే మొదలుపెట్టే వారాన్ని ఎంచుకోవాలి: ప్రయాణాలు, పరీక్షలు, జ్వరాలు లేని వారం, ఇంట్లో పెద్దవాళ్లంతా ఒక్క మాట మీదున్న వారం. ఆ వారంలో మీ కాగితంలో తేలిన గొడవ వేళల్లో ఒకే ఒక్కదాన్ని పట్టుకోవాలి, అన్నింటినీ ఒకేసారి కాదు.

మాట ఆలస్యం, పిలిస్తే చూడకపోవడం, నేర్చుకున్నవి మరిచిపోవడం లాంటివి ఉంటే ఈ పద్ధతులకంటే ముందు పిల్లల డాక్టర్ చేత ముఖాముఖి పరీక్ష చేయించాలి. వినికిడి పరీక్ష వీడియోలో కాదు.

మాటలతో తగ్గని బరువు

నాలుగో ముడి, పని పంపకం, కౌన్సెలింగ్‌లో అన్నిటికంటే తక్కువగా చర్చకు వచ్చేది. ఉదయం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా ఒక్కరే చేస్తుంటే, ఊపిరి తీసుకునే వ్యాయామం నేర్పడం పుండు మీద పైపూత. సెషన్ ముగిసేసరికి ఇంట్లో ఒక పని ఆగిపోవాలి, లేదా చేతులు మారాలి. అది జరగని సెషన్లు వరసగా మూడు గడిస్తే కౌన్సెలర్‌ను ఆ విషయమే అడగాలి.

చేతులు మారడం అంటే ఏమిటో కూడా తేల్చుకోవాలి. సామాజిక శాస్త్రవేత్త అలిసన్ డామింజర్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఇంటిపనిలోని కనబడని ఆలోచనను నాలుగు మెట్లుగా విడదీసింది: అవసరం రాబోతోందని ముందే పసిగట్టడం, ఏమేం దారులున్నాయో వెతకడం, నిర్ణయించడం, అది సరిగా జరిగిందో కనిపెట్టుకుని ఉండటం. ఆమె చూసిన జంటల్లో నిర్ణయించడం ఇద్దరూ పంచుకుంటున్నా, పసిగట్టడం, కనిపెట్టుకుని ఉండటం మాత్రం ఎక్కువగా స్త్రీలమీదే ఉన్నాయి. ‘చెబితే చేస్తాను కదా’ అనే మాట ఆమెను ఎందుకు అలసట నుంచి తప్పించదో ఇక్కడ తెలుస్తుంది. పని అందుకున్నవాళ్లు నాలుగు మెట్లూ అందుకోవాలి. బిడ్డ టీకాల బాధ్యత తీసుకుంటే తేదీ గుర్తుంచుకోవడం, సమయం తీసుకోవడం, తీసుకెళ్లడం, రాత్రి జ్వరం చూడటం అన్నీ వాళ్లవే. అప్పగించినవాళ్లు ఆ పని తమ పద్ధతిలో జరగలేదని మళ్లీ లాక్కోకూడదు. లోపం లేకుండా చేయాలనే పట్టుదల బర్న్‌అవుట్‌కు దారి తీసేవాటిలో ఒకటని ముందే చూశాం.

పసిబిడ్డ ఉన్న ఇంట్లో ముందుగా పంచుకోవాల్సింది రాత్రి. ఇద్దరూ రాత్రంతా సగం సగం మేలుకోవడం కంటే, ఒక్కొక్కరికి నాలుగైదు గంటలు తెగని నిద్ర వచ్చేలా వంతులు వేసుకోవడం మేలు. ఒంటరిగా పెంచుతున్నవాళ్లకు ఈ లెక్క కుదరదు. వాళ్లతో కౌన్సెలర్ చేయాల్సిన మొదటి పని, పేరు పేరునా ఒక జాబితా రాయడం: ఎవరు వారానికి రెండు గంటలు ఇవ్వగలరు, వాళ్లను ఏ మాటలతో అడగాలి. అడగలేకపోవడమే చాలామందికి అసలు అడ్డంకి, ఆ మాటలను సెషన్‌లో పలికి చూసుకోవచ్చు.

ఇద్దరూ కలిసి సెషన్‌లో కూర్చుంటే ఒకే తెర ముందు చేయిచాపు దూరంలో, ఇద్దరి ముఖాలూ సమానంగా కనిపించేలా ఉండాలి. ఒకరు తెరకు దగ్గరగా, ఇంకొకరు వెనక సోఫాలో ఉంటే మాట కూడా అలాగే నడుస్తుంది.

ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు ఆపాలి

నాలుగో సెషన్ దగ్గర ఆగి మొదటి వారపు కాగితాన్ని బయటికి తీయండి. మళ్లీ ఒక వారం అవే అంకెలు వేయండి: అరుపులు, తెగని నిద్ర గంటలు, గొడవ వేళలు, మొదట్లో నింపిన ప్రశ్నపత్రం మార్కులు. అంకెలు ఏ మాత్రం కదలకపోతే ముందు ఒకటే ప్రశ్న వేసుకోవాలి: మనం పట్టుకున్నది సరైన ముడేనా? పీహెచ్‌క్యూ మార్కులు ఇంకా 10 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టర్‌ను కలవాలి. పాలిచ్చే తల్లులకు కూడా వాడదగిన మందులున్నాయి, వాటిని మొదలుపెట్టడం గానీ ఆపడం గానీ డాక్టర్‌తో మాట్లాడే చేయాలి. సరైన ముడే అయితే, హోంవర్క్ నిజంగా వారంలో ఎన్ని రోజులు జరిగిందో చూడాలి. జరగకపోతే అది పెద్దదైపోయిందని అర్థం, సగానికి తగ్గించమని అడగండి. రెండూ సరిగానే ఉన్నా కదలిక లేకపోతే కౌన్సెలర్‌ను మార్చడానికి మొహమాటపడకండి. ‘మాకు ఇది కుదరడం లేదు, ఎవరి దగ్గరికి వెళ్లమంటారు?’ అని అడిగితే చాలు.

మెరుగైతే ఒక్కసారిగా ఆపేయకుండా వారానికొకటి నుంచి రెండు వారాలకొకటి, తర్వాత నెలకొకటిగా దూరం పెంచుకుంటూ పోవాలి. చివరి సెషన్‌లో ఒక చిన్న కాగితం రాసుకోండి: జారిపోతున్నామని తెలిపే మీ రెండు గుర్తులు, వాటిలో ఏది కనబడినా ముందుగా దించేసే రెండు పనులు, ఫోన్ చేసే రెండు పేర్లు. దాన్ని ఇంట్లో ఇంకో పెద్దమనిషికి కూడా చూపించండి. మీకంటే ముందు ఆ గుర్తులు వాళ్ల కంట పడతాయి.